విస్తృత ప్రచారం కల్పించడమైనది

(ఒక పట్టణ షాదీఖానాలో జరిగిన సమాచార హక్కు అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వ శాఖలు తాము చేసే ప్రజాసేవను ప్రజలకు ఏ విధంగా తెలియజేస్తున్నాయన్న అంశంపై మాట్లాడవలసిందిగా నిర్వాహకులు నన్ను కోరారు. నేను న్యాయవాదిని కాను, ఉపన్యాసకుణ్ణీ కాను. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీరందరూ బల్లకు ఇవతలి వైపు నిలబడి కార్యాలయాన్ని చూసినవారు. నేను అవతలి వైపు కూర్చుని చూసినవాణ్ణి. అక్కడ కనిపించిన దానిని దాచకుండా మీ ముందుంచడమే నేను చేయగలిగిన పని. అందుకు ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

సమాచార హక్కు చట్టం అమలులోకి వచ్చి అప్పటికి నాలుగైదేళ్లయింది. నేను పనిచేస్తున్న కార్యాలయానికి ఒక ఉత్తర్వు వచ్చింది. మైనారిటీ వర్గాల వారికి స్వయం ఉపాధి రుణాలు ఇస్తారు, అర్హులు దరఖాస్తు చేసుకోవాలి, గడువు పన్నెండు రోజులు. విస్తృత ప్రచారం కల్పించి నివేదిక పంపాలని చివరి పేరాలో ఉంది. నేను ఇన్‌వార్డు రిజిస్టరులో ఎక్కించి, నోటు రాసి, ఫైలు పైకి పంపాను. అధికారి పర్యటనలో ఉన్నందున అది ఎనిమిదో రోజున సంతకమై తిరిగి వచ్చింది. మిగిలిన నాలుగు రోజులలో రెండు సెలవు దినాలు. ఇంగ్లీషులో ఉన్న ఆ ఉత్తర్వు నకలును రికార్డు గది పక్క వరండాలో ఉన్న నోటీసు బోర్డుకు అంటింపజేశాను. ఫైలులో ఒక వాక్యం రాశాను: "నోటీసు బోర్డుపై ప్రదర్శించి విస్తృత ప్రచారం కల్పించడమైనది." ఆ వాక్యాన్ని నా ఉద్యోగ జీవితంలో ఎన్ని వందల సార్లు రాశానో లెక్క లేదు.

గడువు ముగిసిన మర్నాడు బట్టలు కుట్టుకొని బతికే ఒక సోదరి వచ్చింది. ఎవరి ద్వారానో విని వచ్చింది. గడువు అయిపోయిందమ్మా, బోర్డు మీద పెట్టాం కదా అన్నాను. ఆమె నన్ను చూసి ఇలా అంది: "మొన్న ఆదాయం సర్టిఫికెట్టు కోసం ఆ బోర్డు కిందనే రెండు పూటలు కూర్చున్నాను సాబ్. అది ఇంగ్లీషులో ఉంది. మీరు నా ఎదురుగానే ఉన్నారు. నోటితో ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది కదా." ఆమె కోపంగా అనలేదు. నా దగ్గర సమాధానం లేదు. ఆ ఏడు ఆమె వడ్డీకి అప్పు తెచ్చి మిషను కొనుక్కున్నదని తరువాత తెలిసింది.

ఆమెకు అన్యాయం జరిగిందని ఆ రోజే నా మనసుకు తోచింది. కాని చట్ట ప్రకారం నా పని సరిగానే ఉందని చాలాకాలం నమ్మాను. సమాచార హక్కు చట్టాన్ని కుదురుగా కూర్చుని చదివినప్పుడు గాని తెలియలేదు, నేను రాసిన వాక్యం న్యాయానికే కాదు, చట్టానికి కూడా విరుద్ధమని.

సమాచార హక్కు అనగానే పది రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టడమే మనకు గుర్తుకు వస్తుంది. అది 6వ సెక్షన్. దానికి ముందు 4వ సెక్షన్ ఉన్నది. ఎవరూ అడగకముందే కార్యాలయం తనంతట తాను చెప్పవలసిన విషయాలు ఆ సెక్షన్‌లో ఉన్నాయి. 2005 జూన్ 15న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఈ చట్టం అదే ఏడాది అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. ప్రతి ప్రభుత్వ యంత్రాంగమూ 120 రోజులలోగా 17 అంశాలపై సమాచారాన్ని ప్రచురించాలని, ఏటా దానిని సవరించాలని 4(1)(బి) నిర్దేశించింది. ఆ కార్యాలయం చేసే పనులేమిటి, నిర్ణయం ఏ బల్ల నుంచి ఏ బల్లకు నడుస్తుంది, ఎవరి జీతం ఎంత, ఏ పద్దు కింద ఎంత డబ్బు వచ్చి ఎంత ఖర్చయింది, సబ్సిడీ పథకాలను ఎలా అమలు చేస్తున్నారు, వాటికి కేటాయించిన సొమ్మెంత, లబ్ధి పొందినవారెవరు, పౌర సమాచార అధికారి ఎవరు, ఇవన్నీ ఆ 17 అంశాలలో ఉన్నాయి.

అదే సెక్షన్‌లోని 4(1)(డి) మన వంటి వారికి మరింత ముఖ్యం. ఒక నిర్ణయం వల్ల ప్రభావితులైన వారికి దాని కారణాలను కార్యాలయం చెప్పి తీరాలి. దరఖాస్తు తిరస్కరించారంటే, ఎందుకు తిరస్కరించారో తెలుసుకోవడం మీ హక్కు. 'రాలేదు పోవయ్యా' అన్నది చట్టం అంగీకరించే సమాధానం కాదు.

ఇక నా తప్పును పట్టిచ్చిన భాగం 4(3), 4(4). సమాచారాన్ని ప్రజలకు సులభంగా అందే రూపంలో, అందే పద్ధతిలో వ్యాప్తి చేయాలి. అలా చేసేటప్పుడు ఖర్చును, స్థానిక భాషను, ఆ ప్రాంతంలో అన్నిటికంటే సమర్థంగా పనిచేసే ప్రచార పద్ధతిని దృష్టిలో ఉంచుకోవాలి. వ్యాప్తి అంటే ఏమిటో కూడా చట్టమే వివరించింది: నోటీసు బోర్డులు, వార్తాపత్రికలు, బహిరంగ ప్రకటనలు, ప్రసార మాధ్యమాలు, ఇంటర్నెట్టు మొదలైనవి. నోటీసు బోర్డు ఆ జాబితాలో ఒకటి మాత్రమే. మన పెద్దల కాలంలో ఊళ్లో టముకు వేయించి చాటింపు వేసేవారు. చదువు రానివాడికి కూడా కబురు చేరేది. కంప్యూటర్లు వచ్చిన తరువాత మనం టముకును వదిలేశాం, దాని స్థానంలో ఎవరికీ వినిపించని వెబ్‌సైటును నిలబెట్టాం. ప్రచురించడం ఒక పని, తెలియజేయడం మరొక పని. చట్టం రెండవదాన్ని కోరుతున్నది. మేము మొదటిదానితో సరిపెట్టాము.

ఈ సెక్షన్ ఎవరో దయతో ఇచ్చినది కాదు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంస్థ 1990లో ఏర్పడింది. ఐ.ఎ.ఎస్. ఉద్యోగాన్ని వదిలివచ్చిన అరుణా రాయ్ దాని వ్యవస్థాపకులలో ఒకరు. కరువు పనులలో తమకు కూలి సరిగా ఇవ్వడం లేదని కూలీలు అడిగితే, మస్టరు రోలులో అంతా సక్రమంగా ఉందన్నారు. ఆ మస్టరు చూపించమంటే అది ప్రభుత్వ రహస్యమన్నారు. 1994 నుంచి వారు ఊరూరా జనసునావాయిలు, అంటే బహిరంగ విచారణలు పెట్టారు. లెక్కల కాగితాలను సంపాదించి జనం మధ్య గట్టిగా చదివారు. చనిపోయినవారి పేర్లు, ఊళ్లో లేనివారి పేర్లు అందులో బయటపడ్డాయి. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా చేశారు. మా డబ్బు, మా లెక్క అన్నది వారి నినాదం. దాని సారం దేశమంతటికీ చట్టమైంది.

గమనించండి, ఆ కాగితాలు అంతకుముందు కూడా కార్యాలయంలోనే ఉన్నాయి. వాటిని గట్టిగా చదివినప్పుడే అవి ప్రజలవయ్యాయి. ఈ పాఠాన్ని మన తెలుగు నేల బాగా అర్థం చేసుకున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ జరిగింది. 2009లో దానికోసం ప్రత్యేక సంస్థనే ఏర్పాటు చేశారు. కూలీల కుటుంబాలలో చదువుకున్న యువతీ యువకులకు శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ వెళ్లి, ఫలానా వారం నీ పేరున ఇన్ని రోజులు, ఇంత కూలి రాసి ఉంది, నీకు ముట్టిందా అని చదివి వినిపించేవారు. ఆ తరువాత మండల కేంద్రంలో ప్రజావేదిక. అధికారులు, కూలీలు ఎదురెదురుగా కూర్చునేవారు. అక్షరం రాని కూలి మనిషి లేచి 'నేను ఆ వారం పనికే రాలేదు' అని చెప్పగలిగింది. ప్రభుత్వం తన పనిని పౌరులతో పంచుకోవడమంటే నాకు తెలిసిన మంచి నమూనా అదే. దానికి ఇంటర్నెట్టు అక్కరలేకపోయింది, చదివి వినిపించే ఒక మనిషి చాలింది.

మరి ముస్లిం కుటుంబాలకు సంబంధించిన విషయాలలో పరిస్థితి ఏమిటి?

2005 మార్చిలో నియమితమైన సచార్ కమిటీ నివేదికను 2006 నవంబరు 30న పార్లమెంటు ముందుంచారు. మనం ఆ నివేదికను మన పేదరికానికి సాక్ష్యంగా మాత్రమే ఉదహరిస్తుంటాం. అందులో మరొక ముఖ్యమైన సిఫారసు ఉంది. వివిధ సామాజిక, మత వర్గాల స్థితిగతులపై వివరాలన్నీ ఒకచోట చేర్చి, ఎవరైనా చూడగలిగేలా జాతీయ సమాచార నిధిని ఏర్పరచాలని ఆ కమిటీ కోరింది. లెక్క తెలియనిదే లోటు తెలియదు, లోటు తెలియనిదే దానిని పూడ్చమని అడగలేము. అదే ఏడాది ప్రధానమంత్రి కొత్త 15 అంశాల కార్యక్రమం వచ్చింది. వీలైన చోటల్లా లక్ష్యాలలో, కేటాయింపులలో 15 శాతం మైనారిటీలకు ప్రత్యేకించాలన్నది అందులోని మాట. మన జిల్లాలో ఏ పథకం కింద ఎంత ప్రత్యేకించారు, ఎంత ఖర్చుపెట్టారు అని మనలో ఎంతమంది ఒక్కసారైనా అడిగాం? నేను అడగలేదు. ఉద్యోగంలో ఉండగా నన్ను ఎవరూ అడగనూ లేదు.

సమాచారం ఆలస్యమైతే ఏమవుతుందో 2022లో మన పిల్లలు చూశారు. కేంద్రం ఇచ్చే ప్రీ మెట్రిక్ ఉపకార వేతనాలకు ఒకటి నుంచి పదో తరగతి వరకు చదివే పిల్లలు అప్పటిదాకా అర్హులు. ఆ ఏడు తల్లిదండ్రులు ఎప్పటిలాగే ఆదాయ ధ్రువపత్రాలు తెచ్చి, బ్యాంకు ఖాతాలు తెరిచి, దరఖాస్తులు పెట్టారు. నవంబరులో, అంటే విద్యా సంవత్సరం సగం దాటిన తరువాత, ఒకటి నుంచి ఎనిమిది వరకు ఇక ఇవ్వబోమని, తొమ్మిది, పది తరగతులకే పరిమితమని ఉపకార వేతనాల పోర్టల్‌లో ఒక ప్రకటన వెలువడింది. ఆ తరగతుల పిల్లలకు నిర్బంధ విద్యా హక్కు చట్టం కింద ఉచిత విద్య ఉంది కదా అన్నది చూపిన కారణం. ఆ నిర్ణయం మంచిదా కాదా అన్న చర్చ వేరు. కాని ముఖ్యమైన విధానాలను రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నిటినీ ప్రచురించాలని 4(1)(సి) చెబుతున్నది. ఆ ఇంటి తల్లిదండ్రులకు కబురు దరఖాస్తుకు ముందు రావాలా, తరువాత రావాలా?

వక్ఫ్ ఆస్తుల విషయం మరీ బాధాకరం. 1995 వక్ఫ్ చట్టం ప్రకారం సర్వే తరువాత వక్ఫ్ ఆస్తుల జాబితాను గెజెట్‌లో ప్రచురిస్తారు. జాబితాలో తప్పులుంటే ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. మొదట ఆ చట్టం పెట్టిన గడువు, ప్రచురణ తేదీ నుంచి ఒక సంవత్సరం. గడువు ప్రచురించిన రోజు నుంచి నడుస్తుంది, మీకు తెలిసిన రోజు నుంచి కాదు. మన ఊళ్లలో గెజెట్ తెప్పించి చదివే ముతవల్లీలు ఎందరు? 2025 సవరణ ఆ గడువును రెండేళ్లు చేసింది. కాని అదే సవరణ, నమోదైన వక్ఫ్‌ల వివరాలను ఆరు నెలలలోగా కేంద్ర పోర్టల్‌లో ఎక్కించాలని కూడా అన్నది. ఆ సవరణపై మన సమాజం అభ్యంతరాలు మన సమాజానివి, న్యాయస్థానంలో వాదనలు వాదనలే. వాటితో నిమిత్తం లేకుండా ఒక ప్రశ్న మిగులుతుంది. పల్లెలోని చిన్న ఖబరస్తాన్‌ను చూసుకునే వృద్ధునికి ఈ గడువు సంగతి, కావలసిన పత్రాల సంగతి అతనికి అర్థమయ్యే భాషలో ఎవరు చెప్పారు?

కార్యాలయాలు ఎందుకు చెప్పవు? లోపల కూర్చున్నవాడిగా నిజం చెబుతాను. అన్నిచోట్లా దురుద్దేశం ఉండదు. ఒక కారణం భయం. పథకంలో ఇరవై మందికే అవకాశం ఉంటే, అందరికీ తెలిస్తే రెండు వందల మంది వస్తారు. నూట ఎనభై మందికి లేదని చెప్పాలి. చెప్పకపోతే ఆ బెడద లేదు. రెండవది బద్ధకం. 17 అంశాల పుస్తకం ఒకసారి తయారైతే, బదిలీ అయిపోయిన అధికారుల పేర్లతో సహా అది ఏళ్ల తరబడి బీరువాలో ఉంటుంది. మూడవది, ప్రచారం చేసినందుకు గుమాస్తాను ఎవరూ మెచ్చుకోరు, చేయనందుకు ఎవరూ అడగరు. ఫైలులో ఆ ఒక్క వాక్యం ఉంటే చాలు. కాని కార్యాలయం నోరు మూసుకున్న చోట దళారి నోరు తెరుస్తాడు. ఉచితంగా అందవలసిన కబురును వెయ్యికో, రెండువేలకో అమ్ముతాడు. ఆ ధరను చెల్లించేది కుట్టుపని చేసే సోదరి వంటివారే.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. సమాచారం వెల్లడించడమంటే పేదవాడి ఆధార్ నంబరును, బ్యాంకు ఖాతాను గోడకెక్కించడం కాదు. వ్యక్తిగత గోప్యత కూడా హక్కే. అయితే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమాచార హక్కులోని 8(1)(జె) మినహాయింపును విస్తరించింది. లబ్ధిదారుల పేర్లు అడిగితే ఇకపై 'వ్యక్తిగత సమాచారం' అన్న సమాధానం రావచ్చునని సమాచార హక్కు కార్యకర్తలు ఆందోళన చెందుతున్నారు. ఆ సమాధానం వస్తే నిరుత్సాహపడి వెనుదిరగకండి. సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలు ప్రచురించాలన్న 4వ సెక్షన్ అంశం చట్టంలో ఉన్నదని రాసి, మొదటి అప్పీలు వేయండి.

మరి మనం చేయవలసిందేమిటి? నాకు తోచిన నాలుగు పనులు చెబుతాను.

మొదటిది, చదివే బాధ్యత. ప్రతి మొహల్లాలో ఇద్దరు చదువుకున్న పిల్లలు, అందులో ఒకరు ఆడపిల్ల అయితే మరీ మంచిది, వారానికి ఒకసారి తహసీల్దారు కార్యాలయం, మున్సిపాలిటీ, మైనారిటీ సంక్షేమ కార్యాలయం, సచివాలయం ఉన్నచోట సచివాలయం బోర్డులు చూసి రావాలి. ప్రభుత్వ పోర్టళ్లు కూడా చూడాలి.

రెండవది, చాటే బాధ్యత. జుమా నమాజు తరువాత మసీదు మైకులో రెండు నిమిషాలు చాలు. ఫలానా పథకం, ఫలానా గడువు, ఫలానా కాగితాలు. ఉర్దూలో చెప్పి తెలుగులో కూడా చెప్పండి, మన పిల్లల్లో చాలామంది చదివేది తెలుగే. మసీదుకు రాని ఇళ్లకు, ముఖ్యంగా ఒంటరి మహిళల ఇళ్లకు, మనిషి వెళ్లి చెప్పాలి. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చట్టం చేశారు. కనుక మన ప్రాంతంలోని బోర్డులు తెలుగులో, ఉర్దూలో ఉండాలని 4(4)ను ఉదహరిస్తూ లిఖితపూర్వకంగా కోరండి.

మూడవది, అడిగే బాధ్యత. దరఖాస్తు తెలుగులోనే రాయవచ్చు. కారణం చెప్పనక్కరలేదు. రాయడం రానివారు నోటితో చెబితే దానిని కాగితంపై పెట్టడానికి అధికారే సహాయం చేయాలని చట్టం అంటున్నది. మన రెండు రాష్ట్రాలలో గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అసలే లేదు. 30 రోజులలో సమాధానం రావాలి. రాకపోతే మరో 30 రోజులలోగా మొదటి అప్పీలు, దాని తరువాత 90 రోజులలోగా సమాచార కమిషన్‌కు రెండవ అప్పీలు. సరైన కారణం లేకుండా జాప్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా పడవచ్చు. కాని నా సలహా, మొదటి దరఖాస్తులోనే యుద్ధం మొదలుపెట్టకండి. ముందు వెళ్లి మర్యాదగా, 'సార్, మీ 4(1)(బి) పుస్తకం చూపిస్తారా' అని అడగండి. ఒక పౌరుడు ఆ పేరు పలికాడంటే కార్యాలయంలో కుర్చీలు సర్దుకుంటాయి. ఇది నా అనుభవం.

నాలుగవది చెప్పడానికి కొంత సంకోచిస్తున్నాను, అయినా చెప్పక తప్పదు. మన లెక్కలు ఏవీ? మసీదు కమిటీ దుకాణాల అద్దె ఎంత వస్తున్నది, షాదీఖానా కిరాయి ఎటు పోతున్నది, జకాత్ సొమ్ము ఎవరికి అందింది? ప్రతి ముతవల్లీ ఏటా లెక్కలు వక్ఫ్ బోర్డుకు సమర్పించాలని వక్ఫ్ చట్టం 46వ సెక్షన్ చెబుతున్నది. అది అమానత్. ప్రభుత్వాన్ని లెక్క అడిగే మనం, మన గుమ్మంలోనే ఒక బోర్డు పెట్టి నెలవారీ జమాఖర్చు రాయలేకపోతే, మన ప్రశ్నకు బలం ఉండదు. జకాత్ తీసుకున్న పేదల పేర్లు రాయనక్కరలేదు, వారి గౌరవాన్ని కాపాడాలి. ఎంత వచ్చింది, ఎంతమందికి ఎంత ఇచ్చాం అన్నది రాస్తే చాలు. మా మసీదులో ఈ మాట మొదట అన్నప్పుడు పెద్దలు కొందరు నొచ్చుకున్నారు. ఇప్పుడు వుజూ చేసే చోట పక్కనే ఆ బోర్డు ఉంది. చందాలు తగ్గలేదు.

సోదరులారా, సోదరీమణులారా, ఆ రోజు ఆ సోదరి నన్ను కోరింది ఒక్క మాట. రుణం మంజూరు చేయడం నా చేతిలో లేదు. ఆ మాట చెప్పడం మాత్రం పూర్తిగా నా చేతిలోనే ఉండింది. ఇప్పుడు ప్రతి శుక్రవారం మైకు ముందు ఆ రెండు నిమిషాలు నేనే చదువుతున్నాను. అది ఆ రోజు బాకీపడ్డ మాట. ఈ సభలో ప్రభుత్వ ఉద్యోగులు కూడా ఉన్నారు. వారికి నా మనవి: విస్తృత ప్రచారం కల్పించడమైనదని రాసేముందు, మీ వరండాలో కూర్చున్న మనిషికి ఆ సంగతి తెలుసో లేదో ఒక్కసారి అడగండి. తెలియకపోతే ముందు ఆమెకు చెప్పండి, ఆ తరువాత ఫైలులో రాయండి.